లెక్క ముందు, హైపర్‌వైజర్ తర్వాత: గాజువాకలో ఒక సర్వర్ రూమ్ కేస్ స్టడీ

2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెట్టి విశాఖలో ఏఐ హబ్ కడతానని ప్రకటించినప్పటి నుంచి ఈ ఊళ్లో డేటా సెంటర్ అంటే గిగావాట్ల మాటే. ఈ కేసు ఆ స్థాయిది కాదు. గాజువాక దగ్గర ఒక క్లియరింగ్ అండ్ ఫార్వర్డింగ్ కంపెనీ, వాళ్ల ఆఫీసు మొదటి అంతస్తులో రెండు ర్యాకులు పట్టే గది. అందులో మూడు సర్వర్లు, ఒక స్టోరేజ్, రెండు స్ప్లిట్ ఏసీలు. పోర్టుకు వచ్చే సరుకు కాగితాలు, గోడౌన్ల స్టాకు, లారీల బిల్లులు, జీతాలు అన్నీ ఆ గదిలోంచే నడవాలి. విశాఖలో మధ్యతరహా కంపెనీలు చాలావరకు ఇలాంటి గదుల మీదే బతుకుతున్నాయి కాబట్టి ఇది వివరంగా రాస్తున్నాను.

నన్ను పిలిచింది 2025 వేసవిలో. ఫిర్యాదులు రెండు. నెలాఖరులో ఈఆర్‌పీ (బిల్లులు, స్టాకు, ఖాతాలు నడిపే సాఫ్ట్‌వేర్) నత్తనడక నడుస్తోంది, బిల్లింగ్ వాళ్లు రాత్రి పదింటిదాకా కూర్చోవాల్సి వస్తోంది. రెండోది, వీఎంవేర్ (ఒకే సర్వర్‌లో అనేక వర్చువల్ మెషీన్లు, అంటే వీఎంలు, నడిపే సాఫ్ట్‌వేర్; ఇలాంటిదాన్నే హైపర్‌వైజర్ అంటారు) రెన్యువల్ కోటేషన్ చూసి యాజమాన్యం కళ్లు తిరిగాయి. "ఏ సాఫ్ట్‌వేర్‌కి మారాలో చెప్పండి, అది చాలు" అన్నారు ఎండీ గారు. ఆ ప్రశ్నకు జవాబు చివరికి ఇచ్చాను గానీ, దానికంటే ముందు తేలాల్సిన లెక్క వేరే ఉంది: ఉన్నవేంటి, దేనికి ఎంత ఇచ్చారు, నిజంగా ఎంత కావాలి. ఈ పని మొత్తంలో ఖర్చు తగ్గించిందీ, వేగం పెంచిందీ ఆ లెక్కే. హైపర్‌వైజర్ మార్పు ఆ తర్వాతి సంగతి.

ముందుగా అక్కడున్న సరంజామా. మూడు హోస్టులకీ (వీఎంలను మోసే అసలు సర్వర్లకు) రెండేసి ప్రాసెసర్లు, ఒక్కోదానికి 16 కోర్లు, హోస్టుకి 256 జీబీ ర్యామ్. రెండు ఒకేసారి కొన్నవి, మూడోది తర్వాతి తరం ప్రాసెసర్‌తో ఆలస్యంగా వచ్చింది. మూడూ నెట్‌వర్క్ మీదుగా పంచుకునే ఐస్కసీ స్టోరేజ్, 10 జీ స్విచ్‌లు. పైన వీఎంవేర్ వారి వీస్ఫియర్ 7, ఎసెన్షియల్స్ ప్లస్ లైసెన్స్. ఈ లైసెన్స్‌లో మూడు హోస్టుల వరకు వీమోషన్ (నడుస్తున్న వీఎంని ఇంకో హోస్టుకి జరపడం), హెచ్ఏ (హోస్టు పోతే దాని వీఎంలను మిగతావాటి మీద లేపడం) వస్తాయి. లోడును హోస్టుల మధ్య తనంతట తాను సర్దే డీఆర్ఎస్ మాత్రం రాదు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

ఉన్నదేంటో ఎవరికీ తెలియదు

ఐటీ చూసే కుర్రాళ్లు ఇద్దరు ఒక ఎక్సెల్ షీట్ ఇచ్చారు. అందులో 29 వీఎంలు. హోస్టులన్నిటినీ ఒకచోట చూపించే వీసెంటర్‌లో చూస్తే 38. తేడా తొమ్మిదింటిలో 'ఈఆర్‌పీ న్యూ', 'ఈఆర్‌పీ న్యూ 2', 'టెస్ట్ డోంట్ డిలీట్' లాంటి పేర్లు. కొన్ని ఆఫ్ చేసి ఉన్నాయి, కొన్ని నడుస్తున్నాయి. పెట్టినవాళ్లు ఉద్యోగం మానేసి వెళ్లిపోయారు. వర్చువలైజేషన్‌లో ఇదొక చిక్కు. అసలు సర్వర్ కొనాలంటే కోటేషన్, సంతకాలు, చెక్కు కావాలి. వీఎం పుట్టాలంటే నాలుగు క్లిక్కులు చాలు. పుట్టించడం సులువైన చోట తీసేసే బాధ్యత ఎవరికీ ఉండదు.

ఎవరిదో తెలియని వీఎంని ఆఫ్ చేయడం నేను ఇష్టపడను. ఆఫ్ చేశాక మళ్లీ లేవకపోతే ఇంకో తలనొప్పి. దాని నెట్‌వర్క్ కార్డు పక్కనున్న 'కనెక్టెడ్' టిక్కు తీసేసి ఊరుకుంటే సరిపోతుంది. మెషీన్ నడుస్తూనే ఉంటుంది, బయటి ప్రపంచానికి మాత్రం కనపడదు. ఎవరైనా అరిస్తే టిక్కు పెట్టేయడం క్షణం పని. అలా 'టెస్ట్ డోంట్ డిలీట్' టిక్కు తీసిన కాసేపటికి గోడౌన్ నుంచి ఫోన్: "సార్, కాటా దగ్గర స్లిప్పు రావట్లేదండీ, లారీలు లైన్లో ఉండిపోనాయి." లారీల తూకం సాఫ్ట్‌వేర్ మొత్తం ఆ 'టెస్ట్' వీఎం మీదే నడుస్తోంది, దానికి బ్యాకప్ కూడా లేదు. ఆ పూటే దాని పేరు మార్చి బ్యాకప్‌లో చేర్చాం. ఇదే పద్ధతిలో వడపోస్తే నిజంగా ఎవరికీ అక్కర్లేనివి ఏడు తేలాయి. వాటిని ఒక డిస్కులోకి ఎక్స్‌పోర్ట్ చేసి తీసేశాం. మిగిలినవి 31.

తర్వాత స్నాప్‌షాట్లు. ఈఆర్‌పీ డేటాబేస్ వీఎం మీద 'అప్‌గ్రేడ్‌కి ముందు' అనే స్నాప్‌షాట్ ఒకటి రెండేళ్లకు పైగా వేలాడుతోంది. అసలు డిస్కు 600 జీబీ, డెల్టా ఫైలు 410 జీబీ. "అది మా బ్యాకప్ సార్, ఉండనివ్వండి" అన్నాడు కుర్రాడు. స్నాప్‌షాట్ తీసిన క్షణం నుంచి అసలు డిస్కు కదలకుండా ఆగిపోతుంది, కొత్తగా రాసేవన్నీ డెల్టాలో పడతాయి. డిస్కు పాడైతే డెల్టా చిత్తు కాగితంతో సమానం. పైగా రెండూ ఒకే స్టోరేజ్‌లో కూర్చున్నాయి. ఏ కోణంలో చూసినా అది బ్యాకప్ కాదు. ఒక స్నాప్‌షాట్‌ని 72 గంటలకు మించి ఉంచొద్దని వీఎంవేరే చెబుతుంది. డెల్టాని అసలు డిస్కుకి అతికించే పని శనివారం రాత్రి పెట్టుకున్నాం. అతుకుతున్నంతసేపూ డిస్కు మీద ఒత్తిడి ఉంటుంది, చివర్లో వీఎం కాసేపు స్తంభించవచ్చు, కొత్త రాతలకు డేటాస్టోర్‌లో (వీఎంల డిస్కులుండే చోట) జాగా కూడా ఉండాలి. అప్పటికి ఖాళీ 9 శాతమే. అందుకే పనికిరాని ఏడు వీఎంలూ తీసేసి జాగా చేసుకున్నాకే దీన్ని ముట్టుకున్నాం. ఈ వరుస తారుమారైతే పని మధ్యలో డేటాస్టోర్ నిండిపోయి, దాని మీద కొత్తగా జాగా అవసరమైన వీఎంలు ఒక్కొక్కటే ఆగిపోతాయి.

నెలాఖరు నెమ్మది

కారణం సీపీయూ చాలకపోవడమే అని అందరి నమ్మకం. ఈఆర్‌పీ అమ్మినవాళ్ల కాగితంలో 'కనీసం 16 కోర్లు' అని ఉంది కాబట్టి డేటాబేస్ వీఎంకి 16 వీసీపీయూలు (వర్చువల్ కోర్లు) ఇచ్చారు. అప్లికేషన్ వీఎంకి 12, రిపోర్టుల వీఎంకి 12. నెమ్మదించినప్పుడల్లా ఇంకో నాలుగు కలిపారు. మొత్తం 290 వీసీపీయూలు, కింద ఉన్న అసలు కోర్లు 96. మూడింతలు అంటే మరీ భయపడాల్సిన నిష్పత్తి కాదు. కానీ ఆ బరువు మూడు హోస్టుల మీదా సమానంగా లేదు. ఎప్పుడో మెయింటెనెన్స్ కోసం వీఎంలను ఒకటో హోస్టు మీదికి తోలారు, మళ్లీ సర్దలేదు. డీఆర్ఎస్ ఉంటే అదే సర్దేది. లేదు కాబట్టి 38లో 19 అక్కడే పాతుకుపోయాయి. ఆఫీసు లాగిన్‌లన్నీ చూసే డొమైన్ కంట్రోలర్లు రెండూ కూడా ఆ 19లోవే. ఒకటి పోతే ఇంకోటి ఉంటుందని రెండు పెట్టుకుని, రెంటినీ ఒకే పెట్టెలో కూర్చోబెట్టారు.

నెలాఖరు రోజున చూడాల్సిన అంకె సీపీయూ వాడకం కాదు, సీపీయూ రెడీ. వీఎం పని చేయడానికి సిద్ధంగా ఉండి, కోరు దొరక్క ఎంతసేపు కాచుకుందో అది చెబుతుంది. వీసెంటర్ రియల్ టైమ్ చార్టులో ఒక్కో శాంపిల్ 20 సెకన్లు, అంటే 20,000 మిల్లీసెకన్లు. ఒక వీసీపీయూ 1,000 మిల్లీసెకన్లు కాచుకుంటే 5 శాతం, అక్కడి నుంచే అనుమానించాలి. 10 దాటితే మనుషులకే తెలిసిపోతుంది. వీఎం మొత్తానికి కనిపించే అంకెను వీసీపీయూల సంఖ్యతో భాగించాలి. అది మరిచిపోయి లేనిపోని టెన్షన్ పడేవాళ్లను చూశాను. ఇక్కడ భాగించాక కూడా డేటాబేస్ వీఎంకి 11 నుంచి 12 శాతం వచ్చింది. అదే సమయంలో దాని సీపీయూ వాడకం 20 శాతం దాటలేదు. అంటే ఇచ్చిన 16లో చాలావరకు పని లేకుండానే క్యూలో నిలబడుతున్నాయి.

ఒక కుటుంబం 16 మందితో హోటల్‌కి వెళ్లి అందరం పక్కపక్కనే కూర్చుంటామంటే ఎంతసేపు నిలబడాలో, నలుగురు వెళ్తే ఎంత త్వరగా బల్ల దొరుకుతుందో ఊహించుకోండి. ఇప్పటి ఈఎస్ఎక్స్ఐ (వీస్ఫియర్‌లోని హైపర్‌వైజర్) అందరూ ఒకేసారి కూర్చోవాలని అంత కచ్చితంగా పట్టుబట్టదు. అయినా ఒకే వీఎంలోని వీసీపీయూల మధ్య దూరం మరీ పెరిగితే ముందున్నవాటిని ఆపుతుంది, కాబట్టి దెబ్బ తగులుతుంది. వీసీపీయూలు తగ్గించాలంటే వీఎం ఆపాలి. ఆదివారం రాత్రుళ్లు పెట్టుకుని 16 నుంచి 12కి, తర్వాత 8కి దించాం. "కోర్లు తగ్గిస్తే సపోర్ట్ ఇవ్వం" అని ఈఆర్‌పీ వాళ్లు మెయిల్ పెట్టారు. చార్టులు జత చేసి పంపాక మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తర్వాతి నెలాఖరుకి అకౌంట్స్ మేనేజర్ గారు వచ్చి "తగ్గిస్తే ఫాస్ట్ అవడమేంటండీ బాబూ" అని ఒకటికి రెండుసార్లు అడిగారు.

మెమరీ కథ ఇంకాస్త జాగ్రత్తగా చూడాల్సింది. ఒకటో హోస్టులో ఉన్నది 256 జీబీ, దాని మీది వీఎంలకు రాసిచ్చింది 310. వీఎంల నుంచి మెమరీ వెనక్కి లాగే బెలూన్ డ్రైవర్ పనిలోకి దిగింది, కొంత స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి కూడా వెళ్లింది. డేటాబేస్ తన మెమరీలో ఉందనుకున్న పేజీ నిజానికి డిస్కు మీద ఉంటే ఇక వేగం ఎక్కడిది? అలాగని వీసెంటర్ చూపించే 'యాక్టివ్ మెమరీ' చూసి డేటాబేస్‌కి కోత పెట్టకూడదు. అది శాంపిల్ తీసి వేసే అంచనా మాత్రమే. డేటాబేస్ కాషేలో పెట్టుకుని ఈ నిమిషం ముట్టుకోని పేజీలను అది లెక్కలోకి తీసుకోదు. లోపల ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పేజ్ లైఫ్ ఎక్స్‌పెక్టెన్సీ (ఒక పేజీ మెమరీలో ఎంతసేపు నిలుస్తుందో చెప్పే అంకె) గమనిస్తూ 128 జీబీని 96కి దించాం, ఎస్‌క్యూఎల్‌కి గరిష్ఠ మెమరీ పరిమితి పెట్టాం. అప్పటిదాకా ఆ పరిమితే లేదు, ఎంత ఇస్తే అంతా మింగుతోంది. మిగతా వీఎంల దగ్గర ఇంత ఆలోచన అక్కర్లేదు. ప్రింట్ సర్వర్‌కి 32 జీబీ ఎందుకో ఎవరూ చెప్పలేకపోయారు.

శుక్రవారం మధ్యాహ్నం అన్ని వీఎంలలో ఒకేసారి మొదలయ్యే యాంటీవైరస్ ఫుల్ స్కాన్‌ని రాత్రుళ్లకు పంచేశాం. అది పెద్ద సంగతి కాదు గానీ ఫోన్లు తగ్గాయి.

ఒక హోస్టు పోతే?

హెచ్ఏ ఆన్‌లో ఉంది, అడ్మిషన్ కంట్రోల్ (హోస్టు పోయినా సరిపడా జాగా మిగిల్చే కాపలా) కూడా ఆన్‌లో ఉంది, పచ్చగా కనిపిస్తోంది. యాజమాన్యానికి ధైర్యం అదే. కానీ అడ్మిషన్ కంట్రోల్ లెక్కపెట్టేది వీఎంలకు రాసిచ్చిన మెమరీని కాదు, గ్యారంటీగా పక్కన పెట్టిన రిజర్వేషన్లను. ఇక్కడ ఒక్క వీఎంకీ రిజర్వేషన్ లేదు. కాబట్టి ఆ పచ్చరంగుకి అర్థం లేదు. నిజమైన లెక్క కాగితం మీద రెండు నిమిషాల పని: మూడు హోస్టుల మీద రాసిచ్చిన మొత్తం మెమరీ 690 జీబీ. ఒకటి పోతే మిగిలేది 512. వీఎంలు మళ్లీ లేస్తాయి గానీ అన్నీ స్వాప్‌లో పొర్లుతాయి.

కోతల తర్వాత మెమరీ 430 జీబీకి, వీసీపీయూలు 150కి వచ్చాయి. అప్పుడు ఒక పనిరోజున మిట్టమధ్యాహ్నం ఒకటో హోస్టుని పూర్తిగా ఖాళీ చేసి చూపించాం. ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ ఖాళీ హోస్టే తర్వాతి అధ్యాయానికి పెట్టుబడి.

గది

విశాఖలో సర్వర్ రూమ్ అంటే ఉప్పుగాలితో, తేమతో కాపురం. సర్వర్‌లోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) 15 డిగ్రీల లోపు ఉండాలని అమెరికా ఏసీ ఇంజనీర్ల సంఘం ఆష్రే సిఫారసు. మన ఊళ్లో వేసవి రాత్రి బయటి గాలి డ్యూ పాయింటే 25 డిగ్రీల చుట్టూ ఉంటుంది. గదిలో పెట్టిన సెన్సర్ రాత్రుళ్లు తేమ ఉన్నట్టుండి పెరగడం చూపిస్తోంది, కారణం అంతుపట్టలేదు. చెప్పింది వాచ్‌మన్. "రాత్రి కరెంటు పోయొస్తే ఏసీ మళ్లీ లెగదు బాబూ, లోన వేడెక్కిపోతాదని తలుపు నేనే తీసి పెడతన్నాను." పాపం ఆయన మంచికే చేశాడు. ఆ ఏసీలకు కరెంటు వచ్చాక తమంతట తాము ఆన్ అయ్యే సౌకర్యం లేదు. అది ఉన్నవి రెండు తెప్పించి, ఒకటి విడిచి ఒకటి నడిచేలా టైమర్ పెట్టాం. ఉష్ణోగ్రత దాటితే ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. పాత సర్వర్ వెనక స్క్రూలు తుప్పు పట్టి ఒకటి విరిగి చేతికే వచ్చింది. ఎప్పటినుంచో తలుపు తీసే ఉంటోందని అది చూస్తే తెలుస్తుంది.

యూపీఎస్ సంగతి ఇంకా ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి ఇక్కడ అందరికీ అనుభవమే. ఆ తర్వాతే ఈ కంపెనీ సర్వర్లను కింది గది నుంచి పైకి మార్చింది, జనరేటర్ కొంది. జనరేటర్ స్టార్ట్ కాకపోతే ఏం చేయాలో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. బ్యాటరీ ఉన్న లోడు మీద 14 నిమిషాలు ఆగుతుందని కొలిచాం. వీఎంలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూసుకోవడానికి అంతకంటే ఎక్కువ పడుతోంది. యూపీఎస్‌లో నెట్‌వర్క్ కార్డు కొన్నప్పటి నుంచీ ఉంది, దానికి కేబులే పెట్టలేదు. నట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో దాన్ని కలిపి, ఒక్కొక్కటిగా కాకుండా గుంపులుగా మూసుకునేలా వరుస కట్టాం. కరెంటు పోయిన మూడు నిమిషాలకు జనరేటర్ అందుకోకపోతే రిపోర్టులు, టెస్టులు లాంటివి ముందు మూసుకోవాలి. ఆపైన అప్లికేషన్లు, వాటి వెనక డేటాబేస్, చివర్లో డొమైన్ కంట్రోలర్లు, హోస్టులు. అన్నిటికంటే ఆఖరున స్టోరేజ్.

తిరిగి లేవడం దీనికంటే కష్టం. కరెంటు రాగానే హోస్టులు స్టోరేజ్ కంటే ముందే లేచి కూర్చుంటాయి, డిస్కులు కనపడక వీఎంలన్నీ ఎర్రగా చూపిస్తాయి. హోస్టులు పేర్లు అడిగే డీఎన్ఎస్ సర్వరేమో ఆ స్టోరేజ్ మీదే ఉన్న వీఎం. ఇది లేవాలంటే అది, అది లేవాలంటే ఇది. హోస్టుల బయోస్‌లో పవర్ ఆన్ ఆలస్యం పెట్టాం. స్టోరేజ్‌నీ హోస్టులనీ పేర్లతో కాకుండా ఐపీ అడ్రసులతో, హోస్ట్స్ ఫైల్ ఎంట్రీలతో కలిపాం. ఆ ఐపీల జాబితా ప్రింటు తీసి ర్యాకు తలుపు లోపలివైపు అంటించాం. అన్నీ ఆగిపోయిన రాత్రి వికీ తెరుచుకోదు కదా.

ఎటు వెళ్లాలి

2023 నవంబరులో బ్రాడ్‌కామ్ వీఎంవేర్‌ని కొనేసింది. డిసెంబరుకల్లా శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడంతా చందా, అదీ కోర్ల లెక్కన, ఒక్కో ప్రాసెసర్‌కి తక్కువలో తక్కువ 16 కోర్లు. వీళ్లకి మొత్తం 96. పాత లైసెన్స్ చేతిలో ఉంది కాబట్టి సపోర్ట్ లేకుండా నడుపుకోవచ్చు కదా అన్నది యాజమాన్యం వాదన. చట్టప్రకారం నడుపుకోవచ్చు. కానీ వీస్ఫియర్ 7కి సాధారణ సపోర్ట్ 2025 అక్టోబరు 2తో అయిపోయింది. 2023 ఫిబ్రవరిలో ఈఎస్ఎక్స్ఐఆర్గ్స్ అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతటా పాత ఈఎస్ఎక్స్ఐ సర్వర్లకు తాళం వేసింది, 2021లోనే ప్యాచ్ వచ్చిన లోపం ద్వారా. హైపర్‌వైజర్ పోతే పోయేది ఒక మెషీన్ కాదు, 31. ప్యాచ్‌లు రాని హైపర్‌వైజర్ మీద ఉండమని నేను సంతకం పెట్టలేనన్నాను.

మైక్రోసాఫ్ట్ వారి హైపర్-వీ కూడా బల్ల మీదికి వచ్చింది. విండోస్ వీఎంలు ఎక్కువ ఉన్నచోట అది సహజమైన దారే. డేటాసెంటర్ ఎడిషన్ లైసెన్సులు ముందే ఉండుంటే అటే మొగ్గేవాణ్ని. లేవు. మిగిలింది ప్రాక్స్‌మాక్స్: వియన్నా కంపెనీ తయారీ, కింద డెబియన్ లినక్స్, దాని లోపల 2007 నుంచి లినక్స్ కెర్నల్‌లో భాగమైన కేవీఎం అనే హైపర్‌వైజర్. 'ఫ్రీ' అన్న కారణంతో దీన్ని ఎంచుకుంటే మాత్రం తప్పే. ప్రాసెసర్‌కి ఇంతని ఏడాది సబ్‌స్క్రిప్షన్ తీసుకోవాలని, కుర్రాళ్లిద్దరికీ లినక్స్ నేర్పించాలని షరతు పెట్టాను. అర్ధరాత్రి ఫోన్ ఎత్తేది వాళ్లే.

ఒక అభ్యంతరం వచ్చింది, సరైనదే. ఐస్కసీ స్టోరేజ్ మీద మామూలు ఎల్‌వీఎంతో (లినక్స్ డిస్కులను పంచే పద్ధతి) వాడితే మేం తీసుకున్న ప్రాక్స్‌మాక్స్ 8వ సిరీస్‌లో వీఎం స్నాప్‌షాట్లు తీయలేం. రెండేళ్ల స్నాప్‌షాట్ చూసొచ్చాక ఆ బటన్ లేకపోవడం నాకు లాభంగానే అనిపించింది. అప్‌గ్రేడ్‌కి ముందు బ్యాకప్ తీసుకుంటారు. ఈ మూడు హోస్టులూ కాక పక్కనున్న పాత సర్వర్ ఒకదాన్ని ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్‌గా మార్చాం. మారిన బ్లాకులే పంపుతుంది, ఒకేలాంటివి రెండుసార్లు దాచదు.

తరలింపు

ఖాళీ అయిన ఒకటో హోస్టు మీద ప్రాక్స్‌మాక్స్ ఎక్కించి, స్టోరేజ్‌లో కొత్త వాల్యూమ్ కోసి, అటు నుంచి ఇటు వీఎంలు తెచ్చుకున్నాం. కొత్త సర్వర్ ఒక్కటీ కొనలేదు. వీఎంవేర్ ఫైల్ సిస్టమ్‌ని ప్రాక్స్‌మాక్స్ తన డిస్కుగా వాడుకోలేదు, కాబట్టి ప్రతి డిస్కూ కాపీ కావాల్సిందే. 2024 మార్చిలో వచ్చిన ఇంపోర్ట్ విజార్డ్ ఈ పని చేస్తుంది. వీసెంటర్‌ని కాకుండా ఈఎస్ఎక్స్ఐ హోస్టుని నేరుగా కలిపితే వేగం బాగుంటుంది. స్నాప్‌షాట్లు ఉంటే నత్తనడకే, మనవి ముందే పోయాయి.

లినక్స్ వీఎంలు పెద్దగా ఏడిపించలేదు. నెట్‌వర్క్ కార్డు పేరు ఈఎన్ఎస్192 కాస్తా ఈఎన్ఎస్18 అవుతుంది. కాన్ఫిగ్‌లో పేరు మారిస్తే లేచి కూర్చుంటాయి.

విండోస్‌కి మాత్రం ఒక వరుస ఉంది, అది తప్పితే నీలం తెర. వీఎంవేర్ టూల్స్‌ని అక్కడ ఉండగానే తీసేయాలి, ఇటు వచ్చాక అది తనను తీయనివ్వదు. స్టాటిక్ ఐపీ వివరాలు రాసుకోవాలి. పాత కార్డు దెయ్యంలా లోపలే దాక్కుని, కొత్త కార్డుకి అదే ఐపీ ఇస్తే ఒప్పుకోదు. పాత వీఎం బయోస్‌తో బూట్ అయ్యేదా యూఈఎఫ్ఐతోనా చూసుకుని ఇక్కడ అదే పెట్టాలి. మొదటిసారి బూట్ డిస్కుని సాటాగా తగిలించి లేపాలి. పక్కన ఒక జీబీ ఉత్తుత్తి డిస్కుని వర్టియో (కేవీఎంలో వేగంగా నడిచే వర్చువల్ కంట్రోలర్) మీద పెట్టి డ్రైవర్లు ఎక్కించాలి. అప్పుడు ఆపి, అసలు డిస్కుని వర్టియోకి మార్చాలి. డేటాబేస్ వీఎం అంతా సవ్యంగా లేచాక కూడా ఎస్‌క్యూఎల్ సర్వీస్ మొదలవలేదు. కంట్రోలర్ మారేసరికి విండోస్ సర్వర్ డేటా డిస్కులను 'ఆఫ్‌లైన్'లో పెట్టేసింది. డిస్క్‌పార్ట్‌లో ఆన్‌లైన్ చేసి, రీడ్ ఓన్లీ తీసేస్తే సరి. తెలియకపోతే ఆ అయిదు నిమిషాలూ ప్రాణం పోయినట్టుంటుంది, డేటా మొత్తం మాయమైనట్టే కనిపిస్తుంది.

మూడు హోస్టుల ప్రాసెసర్లు ఒకే తరానివి కావు కాబట్టి వీఎంల సీపీయూ టైపుని 'హోస్ట్' అని పెట్టలేదు, మూడింటికీ పొసిగే సాధారణ టైపు పెట్టాం. లేకపోతే లైవ్ మైగ్రేషన్‌లో వీఎం అడ్డంగా పడిపోతుంది.

కస్టమ్స్ ఫైలింగ్ వీఎం ఒక్కటి మొండికేసింది. కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో దాఖలు చేయడానికి డిజిటల్ సంతకం కావాలి, అది ఒక యూఎస్‌బీ టోకెన్‌లో ఉంటుంది. టోకెన్‌ని హోస్టు వెనక గుచ్చి వీఎంకి ఇచ్చారు. దాంతో ఆ వీఎం ఆ హోస్టుకి కట్టేసినట్టే, ఎటూ కదలదు. పైగా సంతకం చేసే మేడమ్ గారి టోకెన్ తాళం వేసిన సర్వర్ రూమ్‌లో ఉండడం నాకైతే నచ్చలేదు. ఆ ఒక్కదాన్నీ వీఎం కాకుండా చేశాం. ఆవిడ టేబుల్ మీద చిన్న పీసీ, టోకెన్ ఆవిడ డ్రాయర్‌లో. అన్నిటినీ వర్చువల్ చేసి తీరాలన్న పట్టుదల అక్కర్లేదు. సర్వర్ రూమ్‌లో ఇక 30.

రెండు నోడ్లు రీస్టార్ట్ అయిన రాత్రి

మూడు హోస్టులూ క్లస్టర్‌లోకి వచ్చి, హెచ్ఏ ఆన్ చేసిన కొన్నాళ్లకు, రాత్రి ఒంటిగంట దాటాక రెండు నోడ్లు (క్లస్టర్‌లోని హోస్టులు) వెంటవెంటనే రీస్టార్ట్ అయ్యాయి. వీఎంలు తిరిగి లేచాయి, పొద్దున ఎవరికీ పెద్దగా తెలియలేదు. కానీ రెండు సర్వర్లు ఒకేసారి చెడిపోవడం అనేది జరగదు. లాగ్ తెరిస్తే వరుస స్పష్టంగా ఉంది. ముందు నోడ్ల మధ్య పలకరింపులు మోసే కోరోసింక్ మొదటి లింకు డౌన్. వెంటనే రెండో లింకు మీదికి మళ్లింది. కాసేపటికి 'రీట్రాన్స్‌మిట్ లిస్ట్' అంటూ పేజీల కొద్దీ. తర్వాత కోరం (నోడ్ల మెజారిటీ) పోయింది. తర్వాత నిశ్శబ్దం.

ప్రాక్స్‌మాక్స్ క్లస్టర్‌లో నోడ్లు ఒకదానికొకటి కోరోసింక్ ద్వారా 'ఉన్నాను' అని చెప్పుకుంటూ ఉంటాయి. మూడు ఓట్లలో రెండు కనపడని నోడు తాను ఒంటరినని తేల్చుకుంటుంది. హెచ్ఏ వీఎంలు దాని మీద ఉంటే సుమారు నిమిషానికి వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ దాన్ని రీసెట్ చేసేస్తుంది. క్రూరంగా కనిపిస్తుంది గానీ కావాలనే అలా కట్టారు. ఒకే డిస్కు మీద ఒకే వీఎం రెండు చోట్ల నడిస్తే డేటా చిందరవందర అవుతుంది. దానికంటే ఒక రీస్టార్ట్ నయం. కోరోసింక్‌కి బ్యాండ్‌విడ్త్ అక్కర్లేదు, ఆలస్యం లేని దారి కావాలి.

మొదటి లింకుకి విడిగా ఒక చిన్న స్విచ్ ఉంది. ఆ వారంలో ఎలక్ట్రీషియన్ ర్యాకు వెనక ఎక్స్‌టెన్షన్ బోర్డు మార్చినప్పుడు దాని ప్లగ్గు యూపీఎస్ లైనులోంచి మామూలు కరెంటు లైనులోకి వెళ్లిపోయింది. రాత్రి కరెంటు ఒకసారి కొట్టుకుంది, స్విచ్ ఆరిపోయి మళ్లీ మొదలైంది. ఆ కాసేపు రెండో లింకు కాపాడాలి. కానీ అది బ్యాకప్ వెళ్లే నెట్‌వర్క్ మీద ఉంది, ఒంటిగంటకి అక్కడ బ్యాకప్ పూర్తి వేగంతో పారుతోంది. ప్లగ్గు ఒక్కటే మారినా ఏం కాదు, బ్యాకప్ ఒక్కటే నడిచినా ఏం కాదు. రెండూ కలిశాయి.

స్విచ్‌ని యూపీఎస్ మీదికి తెచ్చి, యూపీఎస్ సాకెట్లకు ఎర్ర టేపు చుట్టాం. రెండో లింకుని బ్యాకప్ నెట్‌వర్క్ నుంచి తీసి మేనేజ్‌మెంట్ స్విచ్‌లో విడి వీల్యాన్ (అదే స్విచ్‌లో వేరుచేసిన నెట్‌వర్క్) మీద పెట్టాం. బ్యాకప్ పనికి వేగ పరిమితి విధించాం. ఆ తర్వాత పట్టపగలు చిన్న స్విచ్ ప్లగ్గు మేమే పీకి, బ్యాకప్ నడిపించి చూశాం. నోడ్లు కదల్లేదు. క్లస్టర్ కట్టే ప్రతి ఒక్కరికీ ఈ ఒక్క పరీక్ష చేయమని చెబుతాను. ఎందుకంటే రిడండెన్సీ ఉందని బొమ్మలో గీసుకోవడం వేరు, ప్లగ్గు పీకి చూడడం వేరు.

ఇప్పుడు

నెలాఖరులో ఈఆర్‌పీ బిల్లింగ్ సాయంత్రం ఆరున్నరకి అయిపోతోంది. కొత్త వీఎం కావాలంటే ఒక ఫారం ఉంది: యజమాని ఎవరు, ఎందుకు, ఎప్పుడు తీసేయాలి. మూడో గడి ఖాళీగా ఉంటే వీఎం పుట్టదు. అమ్మకాల మేనేజర్‌కి ఈ ఫారం అంటే ఒళ్లు మంట. అయినా నడుస్తోంది. నెలకోసారి కుర్రాళ్లు ఒక వీఎంని బ్యాకప్ నుంచి విడి నెట్‌వర్క్‌లోకి లేపి, లాగిన్ అయి, ఆ నెల చివరి బిల్లు కనపడుతుందో లేదో చూసి ఎంతసేపు పట్టిందో రాస్తారు. డేటాబేస్ వీఎంకి మూడు గంటలు పడుతోంది. ఆ అంకెను ఎండీ గారి ముందు పెట్టి, మూడు గంటలు ఆగడం ఫర్వాలేదా అని అడిగాం. ఫర్వాలేదన్నారు. అయిదు నిమిషాలే ఆగగలమంటే దానికి వేరే ఖర్చు, వేరే డిజైన్.

తెగని వాదన ఒకటి మిగిలింది. బ్యాకప్ రెండో కాపీ మధురవాడ బ్రాంచిలో పెట్టుకుందామన్నారు, మనూరే కదా, లైను కూడా ఉంది అని. గాజువాకకీ మధురవాడకీ మధ్య దూరం ఉంది గానీ తుపానుకి ఆ దూరం ఒక లెక్క కాదు. హుద్‌హుద్ రెంటినీ ఒకే పూట తాకింది. కాపీ తీరానికి దూరంగా, హైదరాబాద్ బ్రాంచిలో ఉండాలని నేను పట్టుబట్టాను. చివరికి రెండూ ఒప్పుకున్నారు. మొదటి పూర్తి కాపీని డిస్కులో వేసి కంపెనీ లారీలోనే హైదరాబాద్ పంపాం, ఇక రోజూ మారిన బ్లాకులు మాత్రమే లైను మీద వెళ్తున్నాయి. హైదరాబాద్ కాపీ నుంచి డేటాబేస్‌ని లేపే పరీక్ష ఇంకా చేయలేదు. తుపాన్ల కాలం మొదలయ్యేలోపు, అంటే అక్టోబరు రాకముందే, అది అయిపోవాలని షెడ్యూల్‌లో రాసి ఉంది.